బావకి ఆయాసం ఉందని ట్రెక్ లీడర్‌కి చెప్పాలా?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న 31 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

సంక్రాంతి సెలవుల్లో తొమ్మిది మంది కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నారు. టికెట్లు, డబ్బు వసూళ్లు, నిర్వాహకులతో మాటలు అన్నీ ఈ అమ్మాయే చూసుకుంటోంది. తొమ్మిది మందిలో ఏడుగురు ఆఫీసు స్నేహితులు, ఎనిమిదో మనిషి తను, తొమ్మిదో మనిషి అక్క భర్త. బావకి 45 ఏళ్లు. "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు వెళ్తాను? ఆ మంచులో, ఆ శిఖరం మీద శివుడికి ఒక్కసారి దణ్ణం పెట్టుకోవాలి" అని తనంతట తానే అడిగి పేరు రాయించుకున్నాడు.

నవంబర్‌లో సాధన కోసమని అందరూ లంబసింగి వెళ్లి టెంట్లలో పడుకున్నారు. రాత్రి రెండింటికి పక్క టెంట్‌లోంచి ఆగకుండా దగ్గు వినిపిస్తే ఈమె లేచి వెళ్లింది. బావ మోకాళ్లు పట్టుకుని ముందుకి వంగి కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. ఇన్‌హేలర్ మూత తీయడానికి కూడా చేతులు సహకరించలేదు. ఈమె ఫోన్ లైటు పట్టుకుని, మూత తీసి ఇచ్చింది. పావుగంటకి తేరుకుని ఆయన అన్న మొదటి మాట: "చిన్నీ, ఇది మీ అక్కకి చెప్పకు. నీ ఫ్రెండ్స్‌కి అసలే వద్దు."

ఆయాసం ఎప్పుడో తగ్గిపోయిందని అక్క నమ్మకం. నిర్వాహకులు అడిగిన మెడికల్ సర్టిఫికెట్ తనకి తెలిసిన డాక్టర్ దగ్గర సంతకం పెట్టించుకుంటానని బావ అంటున్నాడు. ఆరోగ్య వివరాల ఫారంలో "ఆస్తమా" దగ్గర "లేదు" అని ఇప్పటికే నింపేశాడు. ఇంతలో స్నేహితుల్లో ఒకరు, "మీ బావ లంబసింగిలోనే వెనకబడిపోయారు, ఆయన వస్తే నేను ఆలోచించుకోవాలి" అన్నారట.

చివర్లో ఇలా రాసింది: "అక్కా, నేను ఇంటర్‌లో ఉండగా నాన్న పోయారు. నా ఇంజినీరింగ్ ఫీజు నాలుగేళ్లూ బావే కట్టాడు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఆయన నన్ను అడిగింది ఈ ఒక్కటే. చెబితే ఆయన మొహం ఎలా చూడను? చెప్పకపోతే నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?"

చెల్లీ,

అక్కా అని పిలిచారు కాబట్టి ఆ చనువుతోనే రాస్తున్నాను. కేదార్‌కంఠ డిసెంబర్ చలి నాకు తెలుసు. అందుకే మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఫీజు సంగతి కాదు, ఇన్‌హేలర్ మూత.

లంబసింగిలో ఆ మూత మీరు తీశారు, అదీ పక్క టెంట్‌లో ఉన్నారు కాబట్టి. కేదార్‌కంఠ బేస్ క్యాంప్‌లో మీ బావ పక్కన పడుకునేది మీ ఆఫీసు స్నేహితుల్లో ఒకడు. అతనికి ఏమీ తెలియదు. రాత్రి దగ్గు వినిపిస్తే చలికి దగ్గుతున్నారు అనుకుని అటు తిరిగి పడుకుంటాడు. అందులో అతని తప్పేమీ ఉండదు. మీరు మూడు టెంట్ల అవతల, చెవుల మీదకి టోపీ లాక్కుని, స్లీపింగ్ బ్యాగ్ జిప్పు గడ్డం దాకా వేసుకుని ఉంటారు. గాలి వీస్తే టెంట్ గుడ్డ చప్పుడులో ఇంకేమీ వినపడదు. మీకు నిద్ర పట్టనిది దీనికేనని నా అనుమానం. మాట నిలబెట్టుకోవడమా, తప్పడమా అన్నది తర్వాతి సంగతి.

లంబసింగికీ అక్కడికీ తేడా కాస్త వివరంగా చెప్పాలి. "ఆ చలి తట్టుకున్నాను కదా, ఇదీ తట్టుకుంటాను" అని మీ బావ అనే అవకాశం ఉంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తు. మీరు నడక మొదలుపెట్టే సాంక్రి ఊరే దాదాపు 1,950 మీటర్లు. మొదటి రాత్రి జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర 2,770 మీటర్లు, రెండో రాత్రి బేస్ క్యాంప్ 3,400 మీటర్ల పైన, మర్నాడు శిఖరం 3,800 మీటర్లు. అంటే 12,500 అడుగులు. సుమారు 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు వల్ల తలనొప్పి, వికారం, నిద్రలేమి రావచ్చు. రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లకి రాదనే హామీ లేదు.

ఇక రాత్రి. జనవరిలో అక్కడ ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు కొండ చాటుకి పోతాడు. ఆ క్షణం నుంచి చలి నేలలోంచి పైకి వస్తున్నట్టు ఉంటుంది. బేస్ క్యాంప్‌లో సున్నాకి పది డిగ్రీలు కిందకి పోవడం మామూలే, కొన్ని రాత్రులు ఇంకా కిందకి పోతుంది. ఏడింటికల్లా అన్నం తినేసి టెంట్‌లోకి దూరతారు. ఊపిరిలోని తేమ టెంట్ లోపలి గుడ్డకి పట్టి మంచులా గడ్డకడుతుంది. పక్కవాడు కదిలితే అది పొడిలా మొహం మీద రాలుతుంది. బయట పెట్టిన నీళ్ల సీసా పైభాగం ముందు గడ్డకడుతుంది కాబట్టి తలకిందులుగా పెట్టుకోవాలి. కింద పరిచే ఫోమ్ మ్యాట్ పలచనైతే ఎంత మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉన్నా నేల ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఆపైన రాత్రి రెండు, మూడు గంటలకి లేపి, హెడ్‌ల్యాంప్ వెలుగులో మంచులో ఎక్కిస్తారు. చల్లటి, పొడి గాలిని నోటితో పీలుస్తూ, రొప్పుతూ గంటల తరబడి నడక. ఆయాసం ఉన్నవాళ్ల గాలిగొట్టాలు బిగుసుకుపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇంకోటి, బాగా చల్లబడిన ఇన్‌హేలర్ డబ్బాలోంచి మందు సరిగ్గా రాకపోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు దాన్ని బ్యాగులో వేయరు, ఒంటికి ఆనుకున్న జేబులో పెట్టుకుంటారు, రాత్రి స్లీపింగ్ బ్యాగ్ లోపలే ఉంచుకుంటారు.

ఇదంతా చదివి "అయితే బావ వెళ్లకూడదు" అనుకోకండి. నేను అలా అనడం లేదు. ఆస్తమా ఉన్నవాళ్లు ఎత్తైన కొండలకి వెళ్తున్నారు, క్షేమంగా తిరిగి వస్తున్నారు. పైన ఆయాసం రేపే దుమ్ముపురుగులు తక్కువ కాబట్టి కొందరికి ఊపిరి తేలిగ్గా కూడా ఉంటుంది. అక్కడ తేల్చేది జబ్బు ఉందా లేదా అని కాదు, అదుపులో ఉందా లేదా అని. వారానికి రెండుసార్ల కంటే ఎక్కువగా ఇన్‌హేలర్ అవసరం పడుతోందన్నా, ఆయాసంతో రాత్రుళ్లు మెలకువ వస్తోందన్నా అదుపులో లేనట్టే. లంబసింగిలో మీరు చూసినది మాత్రం చిన్న విషయం కాదు.

దాచడం దగ్గరికి వద్దాం. నాకు నిజంగా భయం కలిగించేది అదే. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఒకటుంది. కూర్చున్నా తగ్గని ఆయాసం, దగ్గు, నీరసం దాని గుర్తులు. అందులో వెంటనే కిందకి దించడమే మొదటి పని. ఆస్తమాలోనూ ఆయాసం, దగ్గే. బేస్ క్యాంప్‌లో రాత్రి ఒంటిగంటకి మీ బావ రొప్పుతూ కూర్చుంటే ట్రెక్ లీడర్ ఏమనుకోవాలి? ఫారంలో "లేదు" అని ఉంటుంది. ఇన్‌హేలర్ గురించి అడగడు. లేదా మీ బావే "నాకు అలవాటే, పఫ్ తీసుకుంటే పోతుంది" అని అసలైన ప్రమాదాన్ని ఆస్తమా అనుకుని తోసేస్తాడు. ఎటు పొరబడినా పోయేది చాలా విలువైన గంటలు. సాంక్రి దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. పెద్ద ఆసుపత్రి కావాలంటే డెహ్రాడూన్ రావాలి, అది దాదాపు 200 కిలోమీటర్ల కొండదారి. వెళ్లేటప్పుడు ఆ దారిలోనే ఒక రోజంతా కూర్చుంటారు, చూస్తారుగా.

మిగిలిన ఏడుగురి మాట కూడా ఉంది. చీకట్లో ఒకరిని కిందకి దించాలంటే ఒంటరిగా పంపరు, గైడ్‌లలో ఒకరు వెంట వెళ్లాలి. అప్పుడు పైన ఉన్నవాళ్లకి ఒక మనిషి తగ్గుతాడు. ఆ సమయంలో వాతావరణం తిరగబడితే? 2024 జూన్‌లో అదే ఉత్తరకాశీ వైపు సహస్రతాల్ ట్రెక్‌లో మంచు తుఫానులో చిక్కుకుని కర్ణాటక నుంచి వెళ్లినవాళ్లు తొమ్మిది మంది చనిపోయారు. అది జూన్ నెల. వాళ్లదీ ఏదో పొరపాటు ఉందని అనడానికి ఈ మాట ఎత్తలేదు. చలి, గాలి కలిస్తే కొండ మీద ఎంత తొందరగా చేయి దాటిపోతుందో చెప్పడానికి ఎత్తాను. లీడర్ దగ్గర ఉన్న సమాచారం సరైనదైతేనే అతను తీసుకునే నిర్ణయం సరిగ్గా ఉంటుంది.

మీ ముందు ఉన్న దారులు నాకు కనిపించినంత వరకు చెబుతాను.

అన్నిటికంటే ముందు బావతోనే మాట్లాడటం. అక్కతోనో లీడర్‌తోనో ఆయన వెనకాల మాట్లాడి, తర్వాత ఆయనకి తెలిస్తే ఆ గాయం మానడానికి ఏళ్లు పడుతుంది. ఫోన్‌లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పండి. "బావా, ఆ రాత్రి నేను భయపడ్డాను. అక్కడ మీ పక్క టెంట్‌లో నేను ఉండను. మంచి ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపిద్దాం, నేనూ వస్తాను. ఆయన వెళ్లొచ్చంటే మీ బ్యాగు నేనే సర్దుతాను" అనండి. "మీకు వయసైపోయింది", "అందరూ ఇబ్బంది పడుతున్నారు" లాంటి మాటలు రానివ్వకండి. 45 ఏళ్ల మగాడికి అవి ఎక్కడ తగులుతాయో మీకు తెలుసు. ఆ స్నేహితుడన్న మాట అయితే ఆయన చెవిన పడనే కూడదు.

తెలిసిన డాక్టర్ సంతకం వేరు, పరీక్ష వేరు. ఊపిరితిత్తుల డాక్టర్ గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం ఎంతో చూస్తారు. రోజూ వాడే మందు మొదలుపెట్టాలా, ఉన్నది మార్చాలా చెబుతారు. పైన ఆయాసం వస్తే వరసగా ఏం చేయాలో కాగితం మీద రాసిస్తారు. రెండో ఇన్‌హేలర్ కూడా పెట్టుకోమంటారేమో. ప్రయాణానికి ఇంకా ఆరు వారాలు ఉన్నాయి కాబట్టి ఇప్పుడే వెళ్తే మందు పనిచేస్తోందో లేదో చూసుకునే వ్యవధి ఉంటుంది. జనవరి మొదటి వారంలో వెళ్తే ఉండదు. మీ గ్రూపులో ఎవరో ఒకరు "డయామాక్స్ వేసుకుంటే అన్నిటికీ సరిపోతుంది" అంటారు, ప్రతి గ్రూపులోనూ ఒకరు అంటారు. అది ఎత్తుకి ఒళ్లు అలవాటుపడటానికి వాడే మందు, ఆయాసానికి కాదు. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పనిసరిగా డాక్టర్‌ని అడగాలి. చలికి రమ్ము మంచిదనే మాట కూడా నమ్మకండి. తాగినప్పుడు ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది కానీ లోపలి వేడి చర్మం గుండా బయటికి పోతుంది.

ఈ దారిలో కష్టం ఒకటుంది. డాక్టర్ "ఈసారి వద్దు" అనొచ్చు. అప్పుడు ఆయన నిరాశకి కారణం మీరే అయినట్టు కొన్నాళ్లు అనిపిస్తుంది.

ఆయన మాట వినకపోతే? అప్పుడు లీడర్‌కి చెప్పడం ఒక దారి. అదీ ఆయనకి ముందే చెప్పి: "బావా, ఫారం మీరు దిద్దండి. వచ్చే ఆదివారంలోపు దిద్దకపోతే నేను లీడర్‌కి చెబుతాను." గడువు పెట్టడం కఠినంగా ఉంటుంది, నిజమే. కానీ ఈ తొమ్మిది మందినీ పోగుచేసింది మీరు. వాళ్ల అమ్మానాన్నలు మీ పేరు విని పంపుతున్నారు. లీడర్‌కి తెలిస్తే వెంటనే వద్దంటారనే లేదు. డాక్టర్ కాగితం అడుగుతారు, రోజూ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తారు, ఆయన పక్కన పడుకునేవాడికి ఏం చేయాలో చెప్పి ఉంచుతారు. కొందరు నిర్వాహకులు "మేం తీసుకెళ్లలేం" అని చెప్పేస్తారు, డబ్బు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. ఆ నష్టానికి సిద్ధపడే ఈ దారి పట్టాలి.

అక్కకి చెప్పడం గురించి నేను చాలాసేపు ఆలోచించాను. భర్త ఆరోగ్యం తెలుసుకునే హక్కు ఆవిడకి ఉంది. కానీ మీ నోటి నుంచి వింటే, ఆ ఇంట్లో జరిగే గొడవ ట్రెక్ గురించి ఉండదు. "నాకు చెప్పకుండా నా చెల్లితో రహస్యమా" అన్న దగ్గరికి పోతుంది. అది మీ ముగ్గురిలో ఎవరికీ మంచిది కాదు. బావే చెప్పేలా చూడండి. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు అక్కనీ రమ్మంటే ఆ పని దానంతటదే అయిపోతుంది. ఆయన డాక్టర్‌కీ చూపించుకోను, ఫారమూ దిద్దను, అయినా వెళ్తాను అని మొండికేస్తే మాత్రం, అక్కకి చెప్పకుండా ఆయన్ని రైలెక్కించకండి. ఏదైనా జరిగాక "నీకు ముందే తెలుసా?" అని అక్క అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

ఇంకో దారి మీ ఉత్తరంలో లేదు, కానీ నాకు బాగా నచ్చింది. సాంక్రి దాకా అందరూ కలిసే వెళ్లండి. డాక్టర్ ఒప్పుకున్నంత ఎత్తుకే బావ వెళ్లేలా ముందే మాట్లాడుకోండి. జూడా కా తాలాబ్ చలికాలంలో గడ్డకట్టే చెరువు, చుట్టూ చెట్ల కొమ్మల మీద మంచు, మొదటిసారి చూసేవాడికి అదే కైలాసం. పగలు అక్కడి దాకా ఎక్కి, సాయంత్రానికి సాంక్రికి దిగిపోయి, హోమ్‌స్టేలో రజాయి కప్పుకుని పడుకోవచ్చు. రాత్రి టెంట్ బాధ ఉండదు. దీనికి వేరే గైడ్‌ని పెట్టుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. ఇది సాంక్రి చేరాక అక్కడికక్కడ తేల్చే పని కాదు, బయల్దేరకముందే నిర్వాహకులతో ఖాయం చేసుకోవాలి. లేదంటే ఏప్రిల్‌కి వాయిదా వేసి, అప్పటికి మందులతో ఆయాసం అదుపులోకి వస్తే, అక్కనీ పిల్లల్నీ కూడా తీసుకుని వెళ్లండి. పైన మంచు అప్పటికీ కొంత ఉంటుంది, రాత్రుళ్లు ఇంత క్రూరంగా ఉండవు. శిఖరం మీది శివుడు ఏప్రిల్‌లోనూ అక్కడే ఉంటాడు. ఈ సంక్రాంతికి ఆయన ఇంట్లో ఉంటే మీ అక్క కూడా సంతోషిస్తుందేమో.

మీరే మానేయడం గురించి రాయలేదు కానీ ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. వద్దు. మీరు మానేసినా ఆయన వెళ్తాడు. అప్పుడు ఆ గుంపులో ఆయన సంగతి తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఏమీ చెప్పకుండా వెళ్లిపోవడం కూడా ఒక దారే. పది మందిలో తొమ్మిది మంది అదే చేస్తారు. ఏమీ జరగకపోవచ్చు కూడా. కానీ మీరు ఆ నాలుగు రోజులూ కొండని చూడరు, బావ ఛాతీని చూస్తూ నడుస్తారు. రాత్రి ఆ చలిలో బూట్లు తొడుక్కుని రెండుసార్లు లేచి, ఆయన టెంట్ దగ్గర నిలబడి చెవి పెట్టి వింటారు. మీ ఒంట్లో వేడి, నిద్ర రెండూ పోతాయి, మర్నాడు తూలిపడేది మీరు కావచ్చు.

వెనకబడ్డారని అన్న స్నేహితుడి గురించి ఎక్కువ ఆలోచించకండి. నెమ్మదిగా నడవడం కొండ మీద తప్పు కాదు, వేగంగా ఎక్కేవాళ్లే తొందరగా తలనొప్పి తెచ్చుకుంటారు. అందరికంటే నెమ్మదైన మనిషి నడకకే గుంపు నడవాలని ముందే చెప్పుకోండి, అంతే.

చివరగా ఆ ఫీజు. నాలుగేళ్లు ఫీజు కట్టి ఒక్కసారి కూడా ఎత్తని మనిషి, దాన్ని ఇలా తీర్చమని మిమ్మల్ని అడగలేదు చెల్లీ. ఆ రాత్రి ఆయన అడిగింది అప్పు తీర్చమని కాదు, ఊపిరి ఆడక, సిగ్గుపడి, ఎదురుగా ఉన్న చిన్నపిల్లని చెప్పొద్దని బతిమాలాడు. ఆ మాటకి మీ ఫీజుని మీరే ముడిపెట్టుకున్నారు. ఆయన స్థానంలో మీ నాన్నగారు ఉండి, ఫారంలో "లేదు" అని రాసి ఉంటే ఏం చేసేవారో ఒక్కసారి ఆలోచించండి.

ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లండి. అక్క వంటింట్లో ఉన్నప్పుడు బాల్కనీలో ఆయన పక్కన కూర్చుని, వేరే ఏమీ మాట్లాడకముందు ఒక్క ప్రశ్న అడగండి: "బావా, ఒక ఇన్‌హేలర్ మీకు ఎన్నాళ్లు వస్తోంది?" కొన్ని ఇన్‌హేలర్ల వెనక ఎన్ని పఫ్‌లు మిగిలాయో అంకె ఉంటుంది, అది చూపించమనండి. మిగతా మాట ఆ అంకె దగ్గర మొదలుపెట్టొచ్చు. వెళ్లేముందే డాక్టర్ దగ్గర ఇద్దరికీ వీలైన రోజుకి అపాయింట్‌మెంట్ తీసుకుని ఉంచండి.

డాక్టర్ ఏమన్నారో నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.